నాలుగో గుంజ

మొగుళ్ళ మీద ఫిర్యాదులు తీసుకోవడానికి పోలీసు స్టేషన్లో ప్రత్యేకంగా ఒక కిటికీ ఉండి ఉంటే, రమ రోజూ పాలపాకెట్టు తెచ్చుకున్నంత క్రమంగా వెళ్ళి అక్కడ నిలబడేది. కొమురెల్లి తాగడు, కొట్టడు, జీతం దాచుకోడు. అతని నేరాలు వేరు. ఇరవై రెండేళ్ళుగా బొగ్గుగనిలో మైనింగ్ సర్దార్. కప్పు కింద మనుషులు పని చేయొచ్చో లేదో కర్రతో తట్టి చూసి చెప్పడం అతని ఉద్యోగం. ఖంగుమంటే గట్టి, బొదబొదమంటే డొల్ల. ఆ ఉద్యోగాన్ని గనిలోనే దింపి రావాలన్న జ్ఞానం అతనికి లేదు. ఎవరింటికి వెళ్ళినా కూర్చునే ముందు కర్రెత్తి పైకప్పు తట్టాల్సిందే. పెళ్ళిచూపులకు వచ్చి, "గీ దూలం మార్చాలె మామా" అని రమ తండ్రికి చెప్పి వెళ్ళిపోయాడు. పిల్ల నచ్చిందని నాలుగు రోజుల తర్వాత ఉత్తరం రాశాడు.

తట్టిన ప్రతి చోటా సుద్దముక్కతో తేదీ వేసి, కింద 'కొ' అని గీకుతాడు. ఆ 'కొ' తోక పడగెత్తిన పాములా పైకి లేచి ఉంటుంది. వంటింటి దూలం మీద, నీళ్ళ డ్రమ్ము మీద, గ్యాసు బండ మీద అన్నిచోట్లా అదే పాము. మొన్న మంగళవారం మధ్యాహ్నమైతే, ఆమె బీరపాదు పందిరికున్న బంగారంలాంటి గుంజను పీకి, దాని జాగాలో నిలువునా పగిలిన గుంజ ఒకటి పాతిపెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఎందుకయ్యా అంటే జవాబు లేదు. రెండు రోజులుగా అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

వీటన్నిటికీ మించిన నేరం ఇంకొకటుంది. ఇరవై రెండేళ్ళలో "నాది తప్పు" అన్న మాట అతని నోటి వెంట ఒక్కసారి కూడా రాలేదు. ఒకసారి తానే వండిన పప్పులో ఉప్పెక్కువైతే, అది ఉప్పు చేసిన తప్పన్నాడు.

అయితే ఈ గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఐదుకి రమ ముందున్న చిక్కు మొగుడు కాదు, మరిది.

గోదావరిఖని శివార్లలో ఖాళీగా పడున్న పాత గోదాములో నెల రోజులుగా సినిమా తీస్తున్నారు. పేరు 'మూడో చప్పుడు'. అదే పేరుతో నవల రాసింది కొమురెల్లి తమ్ముడు జైపాల్. కప్పు కూలిన గనిలోంచి ఒక్కడే బతికి బయటపడిన మనిషికి, చచ్చిపోయిన జోడీదారు గోడ అవతల నుంచి తడుతున్నట్టు వినిపిస్తూంటుంది. చివరికి తడుతున్నది తన చెయ్యే అని తెలుస్తుంది. నవల అంతే. సినిమాలో మాత్రం డాక్టరమ్మ ప్రేమతో ఆ జబ్బు నయమవుతుందట. ఆ సంగతి తెలిసి ఆదివారం జైపాల్ సెట్టు మధ్యలో నిలబడి, "గీ కప్పు మీ నెత్తి మీదనే పడుతది" అని అరిచాడు. మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి అది నిజంగానే పడింది. హీరో విష్ణువర్ధన్ మెడ ఎముక విరిగి దవాఖానలో ఉన్నాడు.

"మూడింటికి గని కూత పడుతుంది. పడగానే మీ మరిదిని జీపెక్కిస్తాను," అన్నాడు సి.ఐ. వీర్రాజు, ఆ గోదాములోనే నిలబడి. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చి మూడేళ్ళయినా ఈ ఎండకు అలవాటు పడలేదు. రుమాలుతో మెడ తుడుచుకుంటూనే ఉన్నాడు. "చెప్పాల్సిందేమైనా ఉంటే ఈలోగా చెప్పండి రమగారూ. పై ఆఫీసరు మీ మాట వినమన్నారు కాబట్టి వింటున్నాను. పోయినేడు గుడి గంట పోతే మీరు పట్టుకున్నారు, సంతోషం. కానీ గంటకి మెడ ఎముక ఉండదండీ."

"గంట కేసుల కూడ మీరు ఇద్దరిని లోపలేసిన్రు సార్," అంది రమ వినయంగా. "ఇద్దరు ఏ పాపం తెల్వనోళ్ళే."

వీర్రాజు ఆ మాట విననట్టు చంకలోంచి నవల తీశాడు. దాన్నిండా ఎర్ర పెన్సిలు గీతలు. "నూట పన్నెండో పేజీ. 'అతడు గుంజను రెండు చేతులా పట్టి లాగేశాడు. కప్పు కూలింది. చప్పుడు మాత్రం మిగిలింది.' ఇక్కడ జరిగిందీ అదే. రాసినవాడే చేశాడు."

"గట్లయితే దయ్యాల కథలు రాసేటోళ్ళను శ్మశానంల ఎతకాలె సార్."

మేకప్ గది బయట బెంచీ మీద కానిస్టేబుల్ పక్కన కూర్చున్న జైపాల్ తలెత్తలేదు. చూపు తక్కువని గనిలోకి దింపకుండా అతన్ని పైన ల్యాంపు రూములో వేశారు. దిగేవాళ్ళకు దీపాలిచ్చి, ఎక్కేవాళ్ళ దగ్గర తీసుకోవడం పని. తండ్రి రిటైరైతే కొడుకుగా వచ్చిన ఉద్యోగం. కేసు పడితే సస్పెన్షను, ఆ తర్వాత దేవుడు కూడా చెప్పలేడు. రమ అతని ముందు గొంతుక్కూర్చుంది.

"నిజం చెప్పు. తిండి టైముల లోపలికెందుకు పోయినవ్?"

"ఊకెనే వదినా."

"ఊకెనే పోతే ఊకెనే జైలుకు పోతవు. చెప్పు."

"పదిహేనేండ్ల సంది దీపాలిస్తున్న. నేను లోపలికి ఎన్నడు దిగలే. అన్న చెప్పింది ఇని బుక్కు రాసిన. అట్టతో చేసిందైనా సరే, నేను రాసిన గని ఎట్లుంటదో ఒక్కసారి ఒక్కన్నే నిలబడి చూద్దామని పోయిన. గంతే."

రమ లేచింది. గేటు దగ్గర వాచ్‌మన్ పుస్తకంలో జైపాల్ లోపలికి వెళ్ళింది ఒంటిగంటా ఇరవైకి, బయటికి వచ్చింది ఒంటిగంటా ముప్పైకి. పది నిమిషాలు. ఆ తర్వాత రెండింటి దాకా ముందు గేటు గుండా ఎవరూ వెళ్ళలేదు. వెనక షట్టరు కింద మనిషి దూరేంత సందు ఉంది, దానికి మాత్రం పుస్తకం లేదు.

సెట్టు లోపల గని సొరంగంలా ఒక గదిని కట్టారు. ప్లైవుడ్డు గోడలు, నల్ల రంగు, నేల మీద అసలు బొగ్గుపొడి. కప్పును మోసే దూలం మాత్రం నిజమైనది, ఇద్దరు లేపలేనంత బరువు. దాని కింద వరసగా నాలుగు గుంజలు పెట్టి నిలబెట్టారట. ఇప్పుడు దూలం తిరగబడి నేల మీద పడుంది. గుంజలు చుట్టూ చెల్లాచెదురుగా పడున్నాయి.

రమ చీరకొంగు నడుముకు దోపి లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"సార్, మీరు గుంజలు లెక్కపెట్టిన్రా?"

"నాలుగండీ. పంచనామాలో రాశాను."

"రాసిన్రు. ఉన్నయి మూడు."

వీర్రాజు వంగి చూశాడు. అతని పెదవులు ఒకటి, రెండు, మూడు అని కదిలాయి. నాలుగు అనలేదు.

రమ దూలం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. గుంజలు నిలబెట్టాకే రంగు వేశారు గనుక, గుంజ తలలు ఆనిన చోట్ల రంగంటని తెల్లటి చక్రాలు నాలుగున్నాయి. నాలుగో చక్రానికి మూరెడు దూరంలో ఐదో గుర్తు కనిపించింది. అది రంగంటని చోటు కాదు, రంగు మీద కొత్తగా పడిన ఒరుపు. దాని అంచులో చిన్న చెక్క చీలిక ఒకటి ఇంకా ఇరుక్కుని ఉంది. గుంజకు, కప్పుకు మధ్య సందు లేకుండా సుత్తితో కొట్టి బిగించే చీలిక అది. రమ తలెత్తకుండానే పిలిచింది.

"గుంజలు నాలుగైతే గుర్తులు అయిదెందుకున్నయి సార్?"

రమ జవాబు కోసం ఆగలేదు. షాటుకు షాటుకు మధ్య వస్తువులు మారకుండా ఫోటోలు తీసి పెట్టుకునే అమ్మాయి ఒకతె ఉంటుందని జైపాల్ ఎప్పుడో చెప్పాడు. పేరు హర్షిణి, హైదరాబాదు పిల్ల. మేకప్ గదిలో సంచి సర్దుకుంటూ దొరికింది.

"అన్నీ పోలీసులకు చెప్పేశాను మేడమ్."

"వాళ్ళు అడిగింది చెప్పినవు. నేను అడిగేది వేరే. మంగళవారం తిండికి ముందటి ఫోటో, తర్వాతి ఫోటో. ఒకదాని పక్కన ఒకటి చూపెట్టు."

హర్షిణి మొహం మాడింది. "తర్వాతది డిలీట్ చేయమన్నారు మా డైరెక్టరుగారు."

"చేసినవా?"

"అది చేస్తే మా పనిలో పాపం మేడమ్." ఆ పిల్ల కెమెరా తెరిచింది. పన్నెండూ యాభై రెండు: వరసగా నాలుగు గుంజలు, నాలుగోది నిలువునా సన్నగా చీలి ఉంది. రెండూ ఆరు: వరసలో మూడే. నాలుగోది ఉండాల్సిన చోటుకు మూరెడు ఇవతల, కెమెరా బండి నడిచే పట్టాల మీదకి, కొత్త గుంజ ఒకటి ఒంటరిగా నిలబడి ఉంది.

"మరి రెండూ పదికి గిది ఏడికి పోయింది బిడ్డా?"

"బండికి అడ్డమని డైరెక్టరుగారు కేకలేశారు. సెట్టు వాళ్ళు సుత్తితో కొట్టి తీసి బయట పడేశారు. రెండు నిమిషాల్లో హీరో వచ్చి, షాటు ప్రకారం గోడకు వీపు గుద్దాడు…" హర్షిణి కళ్ళు నిండాయి. "చెబితే సినిమా ఆగిపోతుందన్నారు మేడమ్. అందరం నోరు మూసుకున్నాం."

"ఒక మనిషి ఉద్యోగం ఊడేటట్టున్నా?"

హర్షిణి కెమెరాను రమ చేతిలో పెట్టింది.

తలుపు దగ్గర నుంచి అంతా విన్న వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. "సరే. తీసింది సెట్టు వాళ్ళే అనుకోండి. అసలు నాలుగో గుంజను మాయం చేసి, దాని బదులు ఇంకోటి పెట్టిందెవరు? ఆ కుట్ర మీ మరిదిది కాదని ఎలా అంటారు?"

"సార్, మనిషిని చంపదలుచుకున్నోడు కప్పుకు ఊతమెందుకు పెడతడు?"

వీర్రాజు నవల మళ్ళీ తెరిచాడు.

"మీ నూట పన్నెండో పేజీ మళ్ళ సదువుండ్రి. పాత గుంజను ఉత్తగ లాగేసిండని రాసిండు మా జైపాల్. ఆ బుక్కు వచ్చిననాడు మా ఇంట్ల మూడు రోజులు లొల్లి. 'కొత్త గుంజ పెట్టకముందు పాతది తీస్తడారా ఎవడన్న? గనిల దిగినోడు నిద్రల గూడ గట్ల తియ్యడు' అని మా ఆయన ఒకటే తిట్టుడు. ఒకటి పెట్టి ఒకటి తీయాలె, అది వాళ్ళకు చేతులల్ల ఉంటది. రాసినోనికి తెల్వని సంగతి, ఈడ చేసినోనికి తెలుసు."

"మీ ఆయన తిట్టాక మీ మరిదికి కూడా తెలిసుంటుంది కదండీ!"

మొదటిసారి మంచి ప్రశ్న వేశాడని రమ మనసులోనే మార్కులు వేసింది. "తెలుసుడు వేరు, చేతగావుడు వేరు సార్. కొలతకు గుంజ కోసి, నిలబెట్టి, చీలిక బిగగొట్టి, పగిలిన దాన్ని తియ్యాలంటే చెయ్యి తిరిగినోనికే పావుగంట పైన పడుతది. మా జైపాల్ లోపలున్నది పది నిమిషాలు. వాడు మా ఇంట్ల క్యాలెండరుకు మేకు కొడితే గోడ రాలింది గని మేకు దిగలే."

బెంచీ మీద నుంచి జైపాల్, "వదినా, గది ఇప్పుడవసరమా?" అన్నాడు. రెండు రోజుల్లో అతను మనిషిలా మాట్లాడిన మొదటి మాట.

"అయితే ఎవరు?" వీర్రాజు గడియారం చూసుకున్నాడు. రెండూ ఇరవై ఐదు. "ఈ ఊళ్ళో సగం మంది గనిలో దిగేవాళ్ళే."

"ఆ గుంజ దొరికితే అదే చెప్తది. ఈ ఊర్ల మంచి కట్టెను ఎవ్వలు పడెయ్యనియ్యరు సార్. దేనికో ఒకదానికి నిలబెట్టే ఉంటరు."

గేటు దాటగానే ఎదురుగా పోశం చాయ్ దుకాణం. రెండో షిఫ్టుకు వెళ్ళేవాళ్ళంతా ఆగే చోటు. మూడు వైపులా తడక, పైన టార్పాలిన్. వారం కింద వచ్చినప్పుడు ఆ టార్పాలిన్ మధ్యలో గిన్నెలా కుంగి, తలకు తగులుతుండేది. ఇవాళ గొడుగులా బిగుసుకుని నిలబడి ఉంది. దాని కింద నడుమ కొత్త గుంజ.

"గీ కట్టె ఏడిది పోశన్నా?"

"సినిమోళ్ళు పడేసిన్రక్కా మంగళారం. కొలిచి కోసినట్టే సరిపోయింది," అన్నాడు పోశం మురిసిపోతూ.

రమ గుంజ చుట్టూ తిరిగింది. వెనకవైపు, రొమ్మెత్తున, సుద్దతో రాసి ఉంది: 8-4-08. దాని కింద 'కొ'. తోక పడగెత్తి ఉంది.

ఎండ ఒక్కసారిగా ఆగిపోయినట్టనిపించింది ఆమెకి. బీరపందిరి కింద నిలువునా పగిలిన గుంజ గుర్తొచ్చింది. ఫోటోలో నాలుగో గుంజకున్న పగులు గుర్తొచ్చింది. ముద్ద కలిపి వదిలేసిన కంచం గుర్తొచ్చింది.

వీర్రాజు ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు, కానిస్టేబుల్‌కు ఏదో చెబుతున్నాడు. ఇరవై అడుగులు. చీరకొంగు చేతిలోనే ఉంది. ఒక్క తుడుపు చాలు, పాము మాయమవుతుంది. అప్పుడిది ఉత్త కట్టె. జైపాల్ మీద అనుమానం సగమైనా మిగిలే ఉంటుంది. సర్దార్ కొమురెల్లి పేరు మాత్రం ఎక్కడా రాదు. ఇరవై రెండేళ్ళలో అతని కప్పు కింద ఒక్క మనిషికి గీత కూడా పడలేదన్న పేరు అలాగే ఉంటుంది.

కొంగు గుంజ దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది. వెనక్కి వచ్చింది. ఆమె దాంతో మొహం తుడుచుకుంది.

అప్పుడే సైకిలు బెల్లు వినిపించింది. హెల్మెట్టు, కర్ర, చాయ్ తాగి డ్యూటీకి పోయే కొమురెల్లి. దుకాణం ముందు భార్యను చూసి కాలు కింద పెట్టాడు. రమ పలకరించలేదు, పక్కకు జరిగి చోటిచ్చింది. కొమురెల్లి తల వంచుకుని లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కర్ర మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

కర్ర పైకి లేవలేదు.

పెళ్ళిచూపుల నాటి నుంచి అతను తట్టకుండా కూర్చున్న మొదటి కప్పు ఇది.

"ఏమయ్యా, కప్పు తట్టలేదేంది?" అంది రమ మెల్లగా.

"గట్టిగనే ఉన్నది."

"సూడకుంటనే ఎట్ల తెలుసు?"

కొమురెల్లి చాయ్ గ్లాసు అందుకున్నాడు. తాగలేదు. వీర్రాజు వచ్చి గుంజ వెనక రాత చూశాడు. తర్వాత రమను చూశాడు, తర్వాత కొమురెల్లిని. ఈసారి ఎర్ర పెన్సిలు అవసరం రాలేదు.

"నువ్వు పెట్టిన గుంజ జారలేదు," అంది రమ. ఆ మాట ముందుగా చెప్పకపోతే తన మొగుడు ఇంకేదీ వినడని ఆమెకు తెలుసు. "రెండూ ఎనిమిదికి సినిమోళ్ళు సుత్తితోని కొట్టి తీసిన్రు. ఫోటో ఉన్నది. నీ చీలిక ఇంకా దూలానికే పట్టుకొని ఉన్నది."

కొమురెల్లి గ్లాసు బెంచీ మీద పెట్టేశాడు. రెండు రోజులుగా బిగబట్టిన ఊపిరి బయటికి వచ్చింది. "జారలేదా?"

"జారలేదు."

"నాది జారిందనుకున్న రమా. నా చేతుల్తోని పెట్టింది జారి, ఆ పోరని మీద పడ్డదనుకున్న." కర్రను పక్కన పెట్టాడు. "శనివారం షూటింగు సూడబోయి కప్పు తట్టిన. గుంజ చీలిన సప్పుడు వస్తున్నది. చెప్తే, 'మీ టకటకలతో సౌండు పాడవుతోంది, రేపట్నుంచి రావొద్దు' అన్నరు. మంగళారం మనసు ఆగలే. తిండి టైముల ఎనక నుంచి దూరి, ఊతానికి పక్కన ఇంకోటి కోసి పెట్టి, చీలింది తీసిన. దాని జాగల పెట్టనీకి ఇంటికి పోయి పందిరిది మంచి గుంజ పట్టుకొచ్చేవరకు అందరు తిరిగొచ్చిన్రు, వాచ్‌మన్ గేటు కాడనే ఆపిండు. డ్యూటీ టైమయింది. గుంజను గోడకు ఆనిచ్చి పోయిన."

"ఎవరికీ చెప్పకుండానా?" అన్నాడు వీర్రాజు.

"చెప్పకుంట." కొమురెల్లి లేచి నిలబడ్డాడు. "పని సగంల ఉన్న జాగను అడ్డం కట్టకుంట ఇడిసిపెట్టి పోవద్దు. గది మొదటి రూలు. కొత్తగొచ్చిన పోరగాండ్లకు నేనే నేర్పుత. తమ్మునికేం గాదు, వాడు చెయ్యలేదు గద, వాళ్ళే ఇడిసిపెడతరని నాకు నేనే చెప్పుకున్న."

గేటు దగ్గర జైపాల్ నిలబడి ఉన్నాడు. పక్కనున్న కానిస్టేబుల్ అతని చెయ్యి ఎప్పుడు వదిలేశాడో ఎవరూ గమనించలేదు.

కొమురెల్లి ఏదో గొణిగాడు. హెల్మెట్టు లోపలికి చెప్పినట్టుంది.

"ఏందీ?" అంది రమ. కళ్ళు తడిగా ఉన్నా గొంతులో పాత చిలిపితనం దాగలేదు. "సారు రాసుకుంటున్నడు, గట్టిగ చెప్పు. నేను గూడ ఇరవై రెండేండ్ల సంది ఎదురు చూస్తున్న."

కొమురెల్లి హెల్మెట్టు తీసి చంకలో పెట్టుకున్నాడు. తమ్ముడి వైపు తిరిగాడు.

"తప్పు నాదేరా జైపాల్," అన్నాడు, చాయ్ దుకాణం మొత్తానికి వినబడేలా. "నాదే తప్పు."